ఒక్కరి కోసం నడిచిన క్లాసు

మా యూనివర్సిటీ మంజూరైందన్న వార్త వచ్చిన రోజు బెంజ్ సర్కిల్ దగ్గర టపాకాయలు కాల్చారు. నేనప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో బెజవాడ వచ్చి చదువుకునేదాన్ని. ఆ రోజు బస్సు ఎంతకీ కదలకపోతే అందరితో పాటు నేనూ దిగి నడక మొదలుపెట్టాను. రోడ్డు మధ్యలో ఆగిన లారీ మీద నిలబడి ఒకాయన మైకులో మాట్లాడుతున్నాడు. అప్పటికే గొంతు బొంగురుపోయింది. చెప్పేదాంట్లో సగం టపాకాయల మోతలో కలిసిపోయింది గానీ ఒక్క మాట మాత్రం బాగా వినపడింది.

"ఇకమీదట మన పిల్లలు పై చదువుకి కృష్ణ దాటి పోనక్కర్లేదు!"

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో నా చేతిలో లడ్డూ పెట్టి వెళ్లిపోయారు. అది తింటూ కాలేజీ దాకా నడిచాను.

మరుసటి ఏడు ఎమ్మే చరిత్ర మొదటి బ్యాచ్‌లో చేరాను. మా నాన్న ఉయ్యూరు హైస్కూల్లో సోషల్ మాస్టారు కాబట్టి నేనూ ఆ దారినే పోతానని ఇంట్లో అందరూ అనుకున్నదే. మొదటి రోజు క్లాసులోకి వచ్చిన మనిషిని చూసి ఆశ్చర్యపోయాను. లారీ మీద మాట్లాడిన ఆయనే మా సారు.

అంతకు ముందు ఆయన ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. ఊళ్లో యూనివర్సిటీ కావాలని ఏళ్ల తరబడి సాగిన ఆందోళనలో టెంటు వేసుకుని నిరాహారదీక్షలు చేసినవాళ్లలో ఒకరు. ఆ రోజుల్లోనే పోలీసుల లాఠీ దెబ్బ తగిలి ఎడమ చెవి పోయింది. అందుకని ఎప్పుడూ కాస్త గట్టిగానే మాట్లాడేవారు. మనం ఏదన్నా చెప్పబోతే "ఇటు రా అమ్మాయ్, ఇటు" అని కుడివైపుకి పిలిచేవారు.

యూనివర్సిటీకి అప్పట్లో సొంత గోడంటూ ఒక్కటీ లేదు. ఒక కల్యాణ మండపం అద్దెకి తీసుకుని అందులో నడిపేవాళ్లు. మా క్లాసు భోజనాల హాల్లో. ఎంత కడిగినా ఆ నేలకి సాంబారు వాసన వదిలేది కాదు. మండపం యజమాని మమ్మల్ని నమ్ముకుని పెళ్లిళ్లు మానుకోలేదు. మంచి ముహూర్తాలున్న రోజుల్లో మమ్మల్ని మేడమీది గదుల్లోకి తరిమేవాడు. ఒకసారి సారు ఓరుగల్లు కోట ముట్టడి గురించి చెబుతుంటే కింద తాళి కట్టే వేళయింది. గట్టిమేళం అందుకున్నారు. సారు గొంతు పెంచారు. మేళం ఇంకా పెరిగింది. చివరికి ఆయనే నవ్వేసి, "ముందు ఆ పిల్ల మెళ్లో తాళి పడనివ్వండి. కోట బయట ఉన్నవాళ్లు కాసేపు ఆగుతార్లే" అన్నారు. అది విని పెళ్లివారి తాలూకు పెద్దాయన ఒకరు పైకి వచ్చి క్లాసు మొత్తాన్ని పంక్తికి పిలిచారు. సారు ముందు నడిచారు. మేమంతా వెనకాల. ముక్కూ మొహం తెలియని పెళ్లిలో పూర్ణం బూరెలు తిని, మళ్లీ మేడెక్కి క్లాసు విన్నాం.

అంత సంతోషంగా ఉన్న రోజులు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఉన్నాయి. ఎమ్మే అయ్యాక అక్కడే పరిశోధన చేశాను, అక్కడే ఉద్యోగంలో చేరాను. సారు శాఖకి హెడ్, నేను ఆయన కింద. పదిమందిలో నన్ను "మేడం" అనేవారు, ఎవరూ లేనప్పుడు పాత అలవాటుగా "అమ్మాయ్" అనేవారు. క్లాసులో బెంచీలు చాలక పిల్లలు కిటికీ గట్టు మీద కూర్చున్న సంవత్సరాలు కూడా మేమిద్దరం చూశాం.

తర్వాత ఊరికి ఆ చివర సొంత క్యాంపస్ వచ్చింది. అద్దాల మేడలు, లిఫ్టులు, గేటు దగ్గర ఫౌంటెను. ఇంజనీరింగు, మేనేజ్‌మెంటు కోర్సులు మొదలయ్యాయి. పై అంతస్తులు వాళ్లకి వెళ్లాయి. మాకు వెనకవైపు, జనరేటర్ పక్కన, కింది అంతస్తులో ఒక గదీ, ఒక క్లాసురూమూ ఇచ్చారు. ఒక్కో ఏడు గడిచేకొద్దీ బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. తెలుగు శాఖని ముందు మూసేశారు. ఆ శాఖ టీచర్లు సామాన్లు సర్దుకుంటున్న రోజు సారు వాళ్లతో పాటు అట్టపెట్టెలు మోశారు. సాయంత్రం మా గదిలో కూర్చుని టీ తాగుతూ, "ఇక మన వంతే అమ్మాయ్" అన్నారు. నేనేదో సర్దిచెప్పబోతే ఆయన తల తిప్పి ఎడమ చెవి నావైపు పెట్టారు. వినదలుచుకోనప్పుడు ఆయన చేసే పని అది.

ఆ మరుసటి ఏడు మా కోర్సుకి ఎవరూ రాలేదు. గడువు ముగిసే రోజు మధ్యాహ్నం మేమిద్దరం గదిలో ఉండగా ఒకావిడ గుమ్మం దగ్గర ఆగింది. నలభైకి అటూ ఇటూ ఉంటుంది. గంజి పెట్టిన నేత చీర, చేతిలో ఏదో బట్టల కొట్టు పేరున్న సంచీ.

"రండమ్మా, అమ్మాయి అడ్మిషన్ కోసమా?" అన్నారు సారు.

"కాదండి. నాకేనండి" అందావిడ.

సారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. "ఈ వయసులో ఎందుకని నేనడగను. చరిత్రే ఎందుకు తీసుకుంటున్నారో చెప్పండి."

"ముందు తెలుగు అడిగానండి. అది తీసేశారని చెప్పారు."

సారు పెద్దగా నవ్వారు. "ఇదీ తీసేస్తారేమోనమ్మా!"

"అయితే తీసేసేలోపు చదివేసుకుంటానండి."

ఆవిడ పుట్టింటివాళ్లు పెడన దగ్గర నేతపనివాళ్లు. అత్తవారిది పామర్రులో బట్టల కొట్టు. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని పిల్లలు పెద్దయ్యాక ప్రైవేటుగా కట్టి పూర్తి చేసింది. "ఇప్పుడు అందరూ ఫోన్లోనే తెప్పించేసుకుంటున్నారండి. కాస్త మంచి బట్టలు కావాలంటే బెజవాడ మాల్స్‌కి పోతున్నారు. పొద్దుటి నుంచీ రోడ్డుకేసి చూస్తా కూర్చోడమే మా పని. మా ఆయనే అన్నాడండీ, ఇద్దరం కూర్చుని ఈగలు తోలడమెందుకే, నువ్వన్నా ఎళ్లి చదువుకో అని" అని చెప్పింది.

అలా మా శాఖకి ఒక్క విద్యార్థిని వచ్చింది.

ఆ నెలలోనే మమ్మల్నిద్దరినీ పైకి పిలిపించారు. పెద్ద గది, ఏసీ, పొడుగాటి బల్ల. పెద్ద హోదాలో ఉన్నాయన మర్యాదగానే మాట్లాడారు. "ఒక్క స్టూడెంటుకి ఒక డిపార్ట్‌మెంటు నడపలేం కదండీ. ఆవిణ్ణి ఇంకో కోర్సులోకి మారమనండి. ఎంబీయే సీటైనా ఇచ్చేద్దాం" అన్నారు.

సారు కుడి చెవి ముందుకి పెట్టి, "ఏమన్నారూ?" అన్నారు. ఆయన మళ్లీ చెప్పారు. "వినపడలా, ఇంకోసారి చెప్పండి" అన్నారు సారు. మూడోసారి చెబుతున్నప్పుడు ఆ పెద్దాయన గొంతు కాస్త తగ్గింది. నలభై ఏళ్ల గృహిణిని బలవంతాన ఎంబీయేలోకి తోయడమనేది పైకి అంటుంటే ఆయనకే ఎబ్బెట్టుగా తోచినట్టుంది. చివరికి, ఈమె కోర్సు పూర్తయ్యేదాకా నడుపుకోండి, కొత్తగా మాత్రం ఎవర్నీ చేర్చుకోవద్దు అన్నారు. సారు రిటైరయ్యాక శాఖ ఉండదు. నన్ను ఇంజనీరింగు పిల్లలకి కామన్ సబ్జెక్టులు చెప్పడానికి పంపిస్తారు. మెట్లు దిగుతూ సారు, "గెలిచామా, ఓడామా?" అని అడిగారు.

ఆవిడ పామర్రులో బస్సెక్కేది. నేను ఉయ్యూరులో ఎక్కేసరికి నాకు పక్కన సీటు పట్టి ఉంచేది. మొదట్లో "నమస్కారమండి మేడం గారూ" అని లేచి నిలబడబోయేది. వారం తిరిగేసరికి టిఫిన్ డబ్బా మూత తీసి "ఇడ్లీ తినండి, పొద్దున్నే ఏం తినుంటారు" అనే దాకా వచ్చింది. కంకిపాడు దాటాక పుస్తకం తీసి నిన్నటి పాఠంలో అర్థంకానివి అడిగేది. ఎప్పుడో మానేసిన చదువు కాబట్టి ఆవిడకి చదవడం కష్టంగానే ఉండేది. ఇంగ్లీషులో ఉన్న పుస్తకం చూస్తే భయపడేది. ఒక్కో పేరా చదివి, పక్కన పెన్సిలుతో తెలుగులో రాసుకునేది.

సారు ఒక్కరికీ అరవైమందికీ తేడా చూపించలేదు. నిలబడే పాఠం చెప్పేవారు. బోర్డు మీద తారీఖు వేసేవారు. హాజరు కూడా పిలిచేవారు. రిజిస్టరు తెరిచి, ఉన్న ఒక్క పేరూ చదివి, తలెత్తి చూసేవారు. ఆవిడ లేచి "ఉన్నానండి" అనేది. నాకు వేరే క్లాసులేమీ లేవు కాబట్టి నేనూ వెనక బెంచీలో కూర్చునేదాన్ని. జనరేటర్ మోగినప్పుడల్లా ఆయన గొంతు పెంచేవారు.

ఒకరోజు మధ్యలో ఆపి, "విసుగ్గా ఉందామ్మా, ఒక్కదానివే కూర్చోవాలంటే?" అని అడిగారు.

"లేదండి. కొట్లో కూడా ఇంతేగా. బేరం ఉన్నా లేకపోయినా షట్టరెత్తాలి, దీపం పెట్టాలి, కూర్చోవాలి. మీరూ అంతేగా సార్."

సారు చాక్‌పీసు బల్ల మీద పెట్టేశారు. ఆవిడ ఏదో తప్పు మాట్లాడానేమోనని నావైపు చూసింది. తర్వాత ఆయన పాఠం ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే మొదలుపెట్టారు.

చలికాలంలో ఒకరోజు మమ్మల్ని బ్యారేజీ దగ్గరికి తీసుకెళ్లారు. పూర్వం ప్రతి బ్యాచ్‌నీ తీసుకెళ్లేవారు. కాలవలు మొదలయ్యే చోట నిలబడి, ఇక్కడ మొదటి ఆనకట్ట రాకముందు ఈ నేల మీద కరువెలా ఉండేదో, నీళ్లు వచ్చాక వరి వచ్చి, వరితో పాటు పట్నాలూ కాలేజీలూ ఎలా వచ్చాయో చెబుతున్నారు. ఆవిడ నీళ్లనే చూస్తూ వింది.

"రైతుకి బాగానే ఉంటాయండి నీళ్లు" అంది. "మా పుట్టింట్లో వానాకాలం వస్తే మగ్గం గుంటలో నీళ్లూరేవి. పక్కనే కాలవ. గుంటలో కాళ్లు పెట్టుకుని కదా నెయ్యాలి. మా నాన్న పొద్దున్నే డబ్బాతో తోడి పోసేవాడు, మధ్యాన్నానికి మళ్లీ ఊరేవి. ఊరంతా నాట్లేసుకుంటుంటే మేం పస్తులుండేవాళ్లం."

సారు ఆవిడ తన కుడివైపుకి వచ్చేలా జరిగారు. "మళ్లీ చెప్పమ్మా" అన్నారు. ఈసారి నిజంగానే వినడానికి. బస్సెక్కే వేళకి, ఆఖరి సంవత్సరం వ్యాసం దాని మీదే రాయాలని తీర్మానించేశారు. కాలవల కింద ఉన్న నేత ఊళ్లు తిరగాలి, ముసలివాళ్లని అడగాలి. చాలా ఏళ్లకి ఆయన మొహంలో ఆ వెలుగు చూశాను. ఆవిడ సెలవల్లో ఊరూరూ తిరిగింది. సోమవారం వస్తే ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు.

రెండో సంవత్సరం మొదలైన కొద్ది రోజులకి ఆ వానలు వచ్చాయి.

మా ఉయ్యూరులో కూడా విడవకుండా కురిసింది. మర్నాడు టీవీ పెడితే బుడమేరు వాగు గట్లు తెగి బెజవాడలో ఆ పక్కంతా మునిగిపోయిందని చూపిస్తున్నారు. సారు ఉండేది సింగ్ నగర్‌లో, కింది వాటాలో, ఆయనా వాళ్లావిడా ఇద్దరే. ఫోన్ చేశాను. మోగింది గానీ ఎత్తలేదు. సాయంత్రానికి మోగడం కూడా మానేసింది. పామర్రు నుంచి ఆవిడ గంటగంటకీ ఫోన్ చేసేది. "తెలిసిందాండి?" అనేది. "లేదమ్మా" అనేదాన్ని. టీవీలో పడవలూ, మేడల మీంచి చేతులూపే మనుషులూ, పైనుంచి పడే ఆహారం పొట్లాలూ. ఆ జనంలో ఆయన కనిపిస్తారేమోనని తెర దగ్గరికి వెళ్లి చూసేదాన్ని.

నీళ్లు మంచం ఎత్తుకి వచ్చేసరికి పై వాటావాళ్లు వాళ్లిద్దర్నీ పైకి లాక్కెళ్లారట. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. మెట్లు దిగి మందుల పెట్టె కోసం వెళ్లబోతుంటే, నీళ్లలో ఏదో ఇనప ముక్క సారు కాల్లో దిగింది. చివరికి పడవ మీద బయటికి తెచ్చి పటమటలో బంధువులింట్లో దింపారు. కబురు తెలిసి నేను వెళ్లేసరికి పామర్రు నుంచి ఆవిడ నాకంటే ముందే వచ్చి ఉంది. కొట్లోంచి పెద్ద మూట తెచ్చింది. పంచెలు, తువ్వాళ్లు, దుప్పట్లు, నాలుగు నేత చీరలు. సారు భార్య అప్పటిదాకా కంటతడి పెట్టలేదని ఇంటివాళ్లు చెప్పారు. ఆ కొత్త చీర ఒళ్లో పెట్టుకున్నాక మాత్రం ఏడ్చారు. "బీరువాలో ఒక్కటి మిగల్లేదమ్మా, అన్నీ బురదే" అన్నారు.

సారు మాత్రం గోడకి ఆనుకుని కూర్చుని, కాలికి కట్టిన కట్టు చూసుకుంటున్నారు. జీవితమంతా కొనుక్కున్న పుస్తకాలు ఆ ఇంట్లో నేల నుంచి కప్పు దాకా ఉండేవి.

క్యాంపస్‌లో కూడా మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. పై అంతస్తులకి ఏమీ కాలేదు. కింద ఉన్న మా గది తలుపు తీసేసరికి అడుగు అరల్లోని పుస్తకాలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కొన్నింటిని ఎండలో పెట్టాం. కాగితాలు విడదీస్తుంటే అక్షరాలు ఊడి చేతికి వచ్చేవి. ఆవిడా నేనూ రెండు రోజులు ఆ పని చేసి, ఇక లాభం లేదని వదిలేశాం. గదికి సున్నం వేయించమని అడిగితే, "ఎలాగూ కొన్నాళ్లేగా మేడం" అన్నారు.

సారు కాలు మానలేదు. సుగర్ ఉన్న మనిషి. పుండు నల్లబడితే ఆసుపత్రిలో చేర్చారు. ముందు వేళ్లు తీశారు, తర్వాత పాదం. మేమిద్దరం వారానికోసారి కాలేజీ నుంచి అటు వెళ్లేవాళ్లం. ఒకసారి ఆవిడ తను రాసిన వ్యాసం తొలి భాగం పట్టుకొచ్చింది. మంచం పక్కన కూర్చుని, "సార్, ఇది చదివి వినిపించనాండి?" అని అడిగింది. నేను ఆవిడ భుజం పట్టుకుని ఆయన కుడివైపుకి జరిపాను.

ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు.

"అది మానెయ్యమ్మా. పుస్తకాల్లో ఉన్న ఏదో ఒక టాపిక్ తీసుకుని రాసిచ్చెయ్. పరీక్షలు రాసి బయటపడు."

"మీరే కదండీ రాయమన్నారు."

"అన్నాను. ఏదో పిచ్చిలో అన్నాను. ఆ ఊళ్లూ, ఆ గుంటలూ ఎవరిక్కావాలి? మార్కులు పడవు. నా మాట విను."

ముప్పై ఏళ్లుగా ఆయన నోట రాని మాట అది. గైడు చూసి రాసిన పిల్లల్ని క్లాసులోంచి బయటికి పంపిన మనిషి. ఆవిడ కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుంది. "అలాగేనండి" అంది. బయటికి వచ్చాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయింది. చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. "ఆయనకి బాలేక అన్నారమ్మా" అన్నాను. "నాకు తెలుసండి. బాలేనప్పుడు అన్నారు కాబట్టే ఏడుపొస్తంది" అంది.

కార్తీకం వెళ్లిన కొద్ది రోజులకే సారు పోయారు. రిటైర్మెంటుకి ఇంకా కొన్ని నెలలున్నాయి. యూనివర్సిటీలో సంతాప సభ పెట్టారు. సెమినార్ హాల్లో ఆ పూట ఇంకేదో కంపెనీవాళ్ల కార్యక్రమం ఉంది. అది మొదలయ్యేముందు మాకు కాస్త సమయం ఇచ్చారు. తెర మీద కంపెనీ బొమ్మ వెలుగుతుండగానే అందరూ లేచి మౌనం పాటించారు. మాట్లాడమని నన్ను పిలిచారు. లారీ మీద ఆయన చెప్పిన మాట చెబుదామనుకున్నాను. ఎదురుగా కూర్చున్న పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు. "మంచి టీచరు" అని ఒక్క మాట చెప్పి దిగిపోయాను.

మిగిలిన పాఠాలు నేను చెప్పాను. హాజరు పిలవలేదు, పిలవబుద్ధి కాలేదు. గదిలో బురద వాసన ఎండాకాలం దాకా పోలేదు.

ఆవిడ వ్యాసం మానలేదు. మగ్గం గుంటల మీదే రాసి పూర్తి చేసింది. వైవాకి వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు పేజీలు తిప్పుతూ, "మా పెదనాన్న చెప్పాడు, ఫలానా ఊళ్లో ముసలమ్మ చెప్పింది... ఇవన్నీ ఆధారాలు కావండీ. రికార్డులేవీ చూడలేదా? ఈ టాపిక్‌కి ఎవరు ఒప్పుకున్నారు?" అని అడిగారు.

"మా సారండి" అందావిడ.

"ఏ సారు?"

ఆవిడ నావైపు చూసింది. నేను చెప్పాను. ఆయన "ఓహో" అని, గతించినవారి మీద గౌరవంగా ఒక క్షణం ఆగి, తర్వాతి ప్రశ్న వేశారు. ఆవిడకి సెకండ్ క్లాసు వచ్చింది. ఆ మార్కులు ఆవిడకి పెద్ద పట్టింపు కాలేదు. "మీకు చెప్పలేదు గానీ, మా నాన్నకి చదివి వినిపించానండి. ఇంకోసారి చదవమన్నాడు" అని చెప్పింది.

పామర్రులో ఏదన్నా స్కూల్లో సోషల్ చెప్పే పని దొరుకుతుందేమోనని ఇద్దరం ప్రయత్నించాం. ఒకచోట బీఎడ్ లేదన్నారు, ఇంకోచోట వయసన్నారు. ఒక ఆదివారం వాళ్ల కొట్టుకి వెళ్లాను. కౌంటరు వెనక కూర్చుని ఉంది. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ తుడిచింది. వాళ్లాయన కూల్‌డ్రింకు తెచ్చాడు. "మేడం గారూ, మీరన్నా చెప్పండి, బీఎడ్ కూడా చదవమని. కొట్లో ఉంటే నాతో గొడవలు పెట్టుకుంటంది" అన్నాడు నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. నేనున్న గంటలో ఎవరూ బేరానికి రాలేదు. వచ్చేటప్పుడు బస్సు దాకా వచ్చి, "ఇప్పుడు బస్సెక్కాలంటే ఎక్కడికెళ్లాలో తెలీడం లేదండి" అంది.

నేను ఇప్పుడు ఇంజనీరింగు పిల్లలకి విలువల విద్య చెబుతున్నాను. పెద్ద హాలు, వందమందికి పైగా పిల్లలు. ఎవరి పేర్లూ నాకు తెలియవు.

ఈమధ్య యూనివర్సిటీ వార్షికోత్సవాలు ఘనంగా జరిపారు. సంస్థ చరిత్రలో ముఖ్యమైన ఘట్టాలని ఫోటోలతో ప్రదర్శన పెట్టాలని ఒక కమిటీ వేసి, చరిత్ర టీచర్ని కదా అని నన్ను అందులో పెట్టారు. దీక్షా శిబిరం ఫోటో ఒకటి పాత విద్యార్థి దగ్గర దొరికింది. టెంటు కింద సారు, మెళ్లో దండ, నీరసంగా నవ్వుతూ. తీసుకెళ్లి ఇచ్చాను. ప్రదర్శన చూసుకునే కుర్రాడు మర్యాదస్థుడు. ఫోటోని చాలాసేపు చూసి, "బావుంది మేడం. కానీ ఇలాంటి ధర్నాలవీ వద్దన్నారండి పైన. పాజిటివ్‌గా ఉండాలన్నారు. ఏమనుకోకండి" అన్నాడు. నేను పైకి వెళ్లి అడిగాను. చూద్దామన్నారు. ఆ చూడ్డం ఎప్పటికీ కాలేదు.

సారు భార్యని నేనే పిలిచాను. పిలవకుండా ఉంటే బాగుండేదేమో, తెలియదు. ఆవిడ ఆ నేత చీరల్లో ఒకటి కట్టుకుని వచ్చారు. ఒక్కో ఫోటో ముందూ ఆగి, కళ్లద్దాలు సర్దుకుని చూశారు. ప్రారంభోత్సవం, శంకుస్థాపన, కొత్త భవనాలు, మంత్రులు, పతకాలు, ఒప్పందాల మీద సంతకాలు. చివరి దాకా వెళ్లి, నావైపు తిరిగారు.

"ఆయన ఎక్కడున్నారమ్మా?"

"పెట్టలేదండి" అన్నాను.

ఆవిడ తలాడించారు. "ఆయన కూర్చునే గది చూపించు, వెళ్లిపోదాం" అన్నారు.

వెనకవైపుకి నడిపించాను. గదికి రంగులు వేశారు. నేల మీద కొత్త పలకలు పరిచారు. గోడల వెంట కంప్యూటర్లు, వాటి ముందు పిల్లలు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆవిడ గుమ్మంలోనే నిలబడ్డారు. ఒకమ్మాయి హెడ్‌ఫోన్ కాస్త పక్కకి తీసి, "ఎవరు కావాలి ఆంటీ?" అని అడిగింది.

"ఎవరూ లేరమ్మా. మీ పని చూసుకోండి" అన్నారావిడ.

గేటు దాకా నా చెయ్యి పట్టుకుని నడిచారు. ఆటో ఎక్కేముందు కొంగుతో మొహం తుడుచుకుని, "నువ్వు తిన్నావా?" అని అడిగారు. తిన్నానని అబద్ధం చెప్పాను. ఆటో వెళ్లాక బెంజ్ సర్కిల్ దాకా వెళ్లి ఉయ్యూరు బస్సెక్కాను.